విప్పి బిగించిన విద్య: రెండు వేల రూపాయల కారు చేసిన జి.డి. నాయుడు

కోయంబత్తూరు అవినాశి రోడ్డు మీద పది కిలోమీటర్ల పొడవున కట్టిన ఫ్లైఓవర్‌ను 2025 అక్టోబరులో ప్రారంభించారు. తమిళనాడు ప్రభుత్వం దానికి జి.డి. నాయుడు పేరు పెట్టింది. రోడ్లకు, వీధులకు ఉన్న కులం పేర్లు తీసేయాలంటున్న ప్రభుత్వమే వంతెనకు నాయుడు అన్న పేరు ఎలా పెడుతుందని కొన్నాళ్లు చర్చ నడిచింది. ఆ చర్చ పేరు చివరి మాట దగ్గరే ఆగిపోయింది. ఆ పేరు గల మనిషి 1952లో రెండు వేల రూపాయలకు అమ్మగలిగిన కారు తయారు చేశారనీ, దాన్ని ఉత్పత్తి చేయడానికి ఆనాటి ప్రభుత్వం లైసెన్సు ఇవ్వలేదనీ గుర్తు చేసుకున్నవాళ్లు తక్కువ.

గోపాలస్వామి దొరైస్వామి నాయుడు 1893 మార్చి 23న కోయంబత్తూరు దగ్గరి కలంగల్ గ్రామంలో పుట్టారు. విజయనగర, నాయక రాజుల కాలంలో కొంగునాడుకు వలస వెళ్లి, నల్లరేగడి నేలల్లో పత్తి సాగు చేసుకుంటూ స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాల్లో వారిదొకటి. ఇంట్లో తెలుగు, బజారులో తమిళం. ఆ కుటుంబాల నుంచే తర్వాతి కాలంలో కోయంబత్తూరు నూలు మిల్లుల యజమానులు, పంపుసెట్ల తయారీదారులు, కాలేజీల స్థాపకులు ఎందరో వచ్చారు. వాళ్లలో చాలామందికి పొలమో, మిల్లో, కాస్త పెట్టుబడో చేతిలో ఉన్నాయి. దొరైస్వామి దారి వేరు. ఆయన ఒక పాత మోటార్ సైకిల్‌తో మొదలుపెట్టారు.

బడి చదువు ఆయనకు అచ్చిరాలేదు. ప్రాథమిక తరగతులతోనే అది ముగిసింది. పొలం పనుల్లో ఉన్న రోజుల్లో ఒక ఇంగ్లిష్ అధికారి రడ్జ్ మోటార్ సైకిల్ మీద ఆ ఊరికి వచ్చాడు. ఎద్దూ గుర్రమూ లేకుండా కదిలే బండిని ఆ కుర్రాడు చూడటం అదే మొదలు. దాన్ని ఎలాగైనా సొంతం చేసుకోవాలని కోయంబత్తూరు వెళ్లి ఒక హోటల్లో సర్వరుగా చేరారు. మూడేళ్ల పాటు కూడబెట్టిన డబ్బుతో, 300 రూపాయలకు ఆ బండినే కొన్నారు. అయితే కొన్న బండి ఎక్కి ఊరంతా తిరగడంతో ఆయన తృప్తి పడలేదు. దాన్ని ముక్క ముక్కగా విప్పేశారు. తిరిగి బిగించారు. మళ్లీ విప్పారు. మెకానిక్‌గా ఆయన చదువు అలా పూర్తయింది.

ఆ కాలపు మోటార్ సైకిల్ ఇలాంటి చదువుకు సరిగ్గా సరిపోయే పుస్తకం. ఇంజనులో ఉండేది ఒకటే సిలిండరు. నిప్పురవ్వ పుట్టించడానికి మాగ్నెటో, పెట్రోలునూ గాలినీ కలపడానికి కార్బురేటర్, చక్రాన్ని తిప్పడానికి బెల్టు ఉండేవి. మూతలు తీస్తే ప్రతి భాగమూ కంటికి కనిపిస్తుంది, చేతికి అందుతుంది. అయితే విప్పినంత తేలిక కాదు బిగించడం. వాల్వు కాస్త ముందుగా తెరుచుకున్నా, రవ్వ కాస్త ఆలస్యంగా పడినా ఇంజను దగ్గి ఆగిపోతుంది. ఏ భాగం ఎప్పుడు కదలాలో, దాని కదలికకు కారణం ఏమిటో తెలిస్తేనే బండి మళ్లీ కూస్తుంది. బిగించినవాడికి మార్కులు వేసే పరీక్షాధికారి ఆ ఇంజనే. ఒకసారి ఆ సూత్రం పట్టుబడితే ఎవరి బండైనా ఒకటే. కారైనా లారీయైనా కొలతల్లోనే తేడా.

మెకానిక్ పని తర్వాత ఆయన తిరుప్పూరులో పత్తి వ్యాపారంలోకి దిగి బాగానే సంపాదించారు. ఆ ధైర్యంతో బొంబాయి పత్తి మార్కెట్‌కు వెళ్లి అక్కడి పెద్ద వ్యాపారుల పోటీలో సంపాదించింది పోగొట్టుకున్నారు. వెనక్కి వచ్చిన ఆయనకు కోయంబత్తూరు పారిశ్రామికవేత్త రాబర్ట్ స్టేన్స్ అండ దొరికింది. 1888లోనే ఆ ఊళ్లో నూలు మిల్లు పెట్టిన ఇంగ్లిష్ వ్యాపారి ఆయన. స్టేన్స్ అప్పుగా ఇచ్చిన డబ్బుకు తన డబ్బు కలిపి నాయుడు ఒక బస్సు కొన్నారు. 1920లో పొల్లాచ్చి, పళని మధ్య దాన్ని స్వయంగా నడిపారు. అదే యూనివర్సల్ మోటార్ సర్వీస్‌గా, యు.ఎం.ఎస్.గా ఎదిగింది. తర్వాతి ఏళ్లలో ఆ సంస్థ బస్సుల సంఖ్య రెండు వందలు దాటింది.

బస్సుల వ్యాపారంలో లాభనష్టాలు టికెట్ల దగ్గర తేలవు, షెడ్డులో తేలతాయి. అప్పట్లో ఛాసిస్, ఇంజను విదేశాల నుంచి వచ్చేవి. వాటి మీద చెక్క చట్రం కట్టి, రేకు తొడిగి బాడీ చేసేది ఇక్కడి వడ్రంగులు, కమ్మరులే. ఒక గేరు పన్ను విరిగినా, ఒక బేరింగు అరిగినా కొత్తది ఓడలో రావాలి. అది వచ్చేదాకా బస్సు షెడ్డులో పడుకుంటే కిస్తీ మీద పడుతుంది. అందుకే పాత బండి భాగం కొత్త బండికి తగిలించడం, లేత్ మీద తిప్పి సరిచేయడం, పోతపోసి కొత్తగా చేసుకోవడం యజమానికి తప్పనిసరి విద్య. మోటార్ సైకిల్ విప్పిన చేతులకు ఇది కొత్త కాదు. నాయుడు వర్క్‌షాపు రిపేరు షెడ్డు స్థాయి దాటి, విడిభాగాలు చేసే చోటుగా, ఆపైన కొత్త యంత్రాలు చేసే చోటుగా మారింది.

ఆ మార్పుకు ఊరి పరిస్థితి కూడా కలిసొచ్చింది. నీలగిరుల్లోని పైకారా జలవిద్యుత్ కేంద్రం 1930ల మొదట్లో కోయంబత్తూరుకు కరెంటు అందించింది. మిల్లులు పెరిగాయి. బావుల్లోంచి నీళ్లు తోడటానికి మోటార్లు కావాల్సి వచ్చాయి. అవన్నీ దిగుమతి సరుకే. 1937లో డి. బాలసుందరం నాయుడుతో కలిసి జి.డి. నాయుడు ఎలక్ట్రిక్ మోటారు తయారు చేశారు. దేశంలో తయారైన తొలి ఎలక్ట్రిక్ మోటారుగా దాన్ని చెబుతారు. బాలసుందరం తర్వాత టెక్స్‌టూల్ సంస్థ పెట్టి ఆ విద్యను పరిశ్రమగా విస్తరించారు. ఇవాళ దేశంలో ఏ మూల చేనుకు వెళ్లినా కోయంబత్తూరు పేరున్న పంపుసెట్ కనిపించడం వెనక ఆ తొలి మోటారు కాలం నాటి కృషి ఉంది.

నాయుడు చేతి నుంచి వచ్చిన వస్తువుల జాబితా పెద్దది. డ్రై సెల్‌తో నడిచే చిన్న మోటారు అమర్చిన గడ్డం గీసుకునే రేజర్, పలచని బ్లేడ్లు, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసిన్‌తో తిరిగే ఫ్యాను, మోసానికి వీల్లేని ఓటింగ్ యంత్రం వాటిలో కొన్ని. ఆయన రేజర్ రసాంట్ పేరుతో యూరప్ మార్కెట్‌కు కూడా పరిచయమైంది. 1936లో లండన్‌లో అయిదో జార్జి అంతిమయాత్రను సొంత కెమెరాతో చిత్రించిన యాత్రికుడు కూడా ఆయనే. 1941లో అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకు ఇవ్వగలనని ప్రకటించారు. వీటన్నిటినీ కలిపేది ఒకటే: ఖరీదైన విదేశీ వస్తువును విప్పి, అక్కర్లేనిది తీసేసి, మామూలు మనిషి కొనగల ధరకు మళ్లీ కట్టడం.

ఈ పద్ధతినే చదువులోకి తేవాలనుకున్నారు. ఆయన చొరవతో, విరాళంతో 1945లో కోయంబత్తూరులో ఇంజనీరింగ్ కాలేజీ మొదలైంది. అప్పటి మద్రాసు గవర్నర్ ఆర్థర్ హోప్ పేరు దానికి పెట్టారు. నాయుడే కొంతకాలం ప్రిన్సిపాల్. ఇంజనీరింగ్ డిగ్రీకి నాలుగేళ్లు అక్కర్లేదని, వర్క్‌షాపులో చేతితో నేర్పితే రెండేళ్లు చాలని ఆయన వాదన. ప్రభుత్వం ఒప్పుకోలేదు. ఆయన తప్పుకున్నారు. ఆ కాలేజీ తర్వాత వేరే చోటికి మారి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీగా పేరు తెచ్చుకుంది. అవినాశి రోడ్డు మీద బస్సు స్టాపు మాత్రం ఇంకా హోప్స్ కాలేజీ పేరుతోనే ఉంది. నాయుడు పేరున్న కొత్త వంతెన దాని మీదుగానే పోతుంది.

1952లో ఆయన రెండు సీట్ల పెట్రోలు కారు తయారు చేశారు. అనుకున్న ధర రెండు వేల రూపాయలు. కార్లు రెండు రకాలు. చూసి మెచ్చుకోవడానికి మెరుగులు దిద్ది నిలబెట్టేవి ఒక రకం. ఎక్కి పనికి పోవడానికి, చెడితే ఊళ్లో మెకానిక్ చేతనే బాగు చేయించుకోవడానికి ఉండేవి రెండో రకం. బస్సుల షెడ్డులో పెరిగిన మనిషికి రెండోదే కారు. ఇద్దరు కూర్చుని ఊరు దాటి వెళ్లి రాగలిగితే చాలు. అయితే పరిశ్రమల అభివృద్ధి, క్రమబద్ధీకరణ చట్టం 1951లో వచ్చింది. ఏ వస్తువు ఎవరు ఎంత తయారు చేయాలో ఢిల్లీయే తేల్చే కాలం అది. నాయుడు కారుకు అనుమతి రాలేదు. పని అక్కడితో ఆగింది.

ఆ విధానానికి దాని తర్కం దానికుంది. విదేశీ మారకం తక్కువ, ఉక్కు కరువు. విడిభాగాలు తెచ్చి బిగించే కంపెనీలు కాకుండా, ఇక్కడే తయారు చేసే కొద్ది కంపెనీలు చాలని టారిఫ్ కమిషన్ 1953లో తేల్చింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ దేశం విడిచిపోయాయి. హిందుస్థాన్ మోటార్స్, ప్రీమియర్ వంటివి మిగిలాయి. ఒక నమూనా కారు రోడ్డు మీద నడవడం వేరు, రోజుకు వంద కార్లు ఒకే నాణ్యతతో ఫ్యాక్టరీ గేటు దాటడం వేరన్న మాట కూడా నిజమే. పోత, అచ్చులు, టైర్లు, అమ్మకాల ఏర్పాట్లు అన్నీ కలిపితే రెండు వేల ధర నిలిచేదా అని అడగడం న్యాయమైన ప్రశ్నే.

కానీ ఆ ప్రశ్నకు జవాబు తేల్చాల్సింది ఫైలు కాదు, రోడ్డు. కొన్ని కార్లు చేయనిచ్చి, ఏడాది నడవనిచ్చి, లోపాలు చూసి అప్పుడు కాదన్నా సరిపోయేది. ఆ అవకాశమే ఆయనకు దక్కలేదు. విచిత్రం ఏమిటంటే, మామూలు మనిషికి చవక కారు కావాలన్న చర్చ 1950ల చివరి నుంచి ప్రభుత్వంలోనే మొదలై ఏళ్ల తరబడి సాగింది. చివరికి మారుతి 800 రోడ్డెక్కింది 1983 డిసెంబరులో, అదీ జపాన్ సుజుకీ సాంకేతికతతో. కోయంబత్తూరు నమూనాకు, దానికి మధ్య మూడు దశాబ్దాలు గడిచాయి. ఈ మధ్యలో దేశం పోగొట్టుకున్నది ఒక్క కారు మోడల్‌ను కాదు. తప్పులు చేస్తూ నేర్చుకునే ముప్పై ఏళ్లను.

నాయుడు ఓర్పు గల మనిషి కాదు. కాలేజీ నుంచి లేచి వచ్చినట్టే చాలా వాటి నుంచి లేచి వచ్చారు. పన్నుల మీద, లైసెన్సుల మీద కోపంతో తాను చేసిన వస్తువులను జనం ముందే పగలగొట్టారని కోయంబత్తూరు ఇప్పటికీ చెప్పుకుంటుంది. అధికారులను ఒప్పించి, మళ్లీ మళ్లీ తిరిగి పని సాధించే వ్యాపారి నేర్పు ఆయనలో తక్కువ. చివరి దశాబ్దాల్లో పత్తి, మొక్కజొన్న, బొప్పాయి మొక్కల మీద ప్రయోగాలు చేశారు. వాటిని చూడటానికి సి.వి. రామన్ ఆయన తోటకు వెళ్లారు. డిగ్రీ లేని రైతుబిడ్డ పనిని నోబెల్ గ్రహీత మెచ్చుకున్నారు, లైసెన్సు కార్యాలయం మెచ్చుకోలేదు.

చేతి విద్యకు అడ్డు లేకపోతే ఏం జరుగుతుందో చూడాలంటే గుజరాత్‌లోని సూరత్‌కు, అక్కడి వరాఛా ప్రాంతానికి వెళ్లాలి. సౌరాష్ట్ర పల్లెల నుంచి బడి మధ్యలో మానేసి వచ్చిన కుర్రాళ్లు అక్కడి కార్ఖానాల్లో, సానచక్రం ముందు కూర్చుని వజ్రాల పని నేర్చుకున్నారు. వారికి పట్టా ఇచ్చిన కాలేజీ లేదు. ప్రపంచంలోని వజ్రాల్లో పదికి తొమ్మిది సూరత్‌లోనే సాన పెడతారన్న పేరు అలా వచ్చింది. అదే నగరంలో తెలంగాణ నుంచి వెళ్లిన పద్మశాలి కుటుంబాలు మరమగ్గాల దగ్గర అదే పద్ధతిలో పని నేర్చాయి. ఆ బతుకుల్లో భద్రత తక్కువ, మార్కెట్ పడితే మొదట రోడ్డున పడేది వాళ్లే. అయినా పని చేతుల్లోంచి పరిశ్రమ పుడుతుందన్న నాయుడి నమ్మకానికి అంతకంటే రుజువు అక్కర్లేదు.

1974 జనవరి 4న నాయుడు కన్నుమూశారు. అవినాశి రోడ్డులో ఆయన పేరు మీద నడిచే ప్రదర్శనశాల యంత్రాలను విప్పి చూసే ఆసక్తి గల పిల్లలకు నేటికీ ఇష్టమైన చోటు. 2015లో ఆయన కుటుంబం అక్కడే గీడీ కార్ల మ్యూజియం తెరిచింది. బెంజ్ తొలి కారు నమూనా నుంచి ఫోర్డ్ మోడల్ టి దాకా ప్రపంచ కార్ల చరిత్ర అక్కడ వరుసగా నిలబడి ఉంది. వాటిలో కొన్ని ఏదో ఒక షెడ్డులో, కాలేజీ ముఖం చూడని ఎవరో ఒకరి చేతుల్లో మొదలైనవే. ఆ మనుషులకు వాళ్ల ప్రభుత్వాలు రోడ్డు మీద ఓడిపోయే అవకాశమైనా ఇచ్చాయి. పాత బండ్లు విప్పి కొత్త బండ్లు కట్టే కుర్రాళ్లు మన పట్టణాల ఆటోనగర్లలో ఇప్పటికీ ఉన్నారు. వాళ్లకు ఆ మాత్రం అవకాశం దొరుకుతోందా అన్నదే నాయుడి జీవితం మన ముందు ఉంచే ప్రశ్న.