డాక్టరు అలెట్టా జేకబ్స్

పులికాటు తీరమున 17వ శతాబ్దములో కోట కట్టుకొని బట్టల వర్తకము సాగించిన డచ్చివారిని మన పెద్దలు ఒలందావారనిరి. వారి ఓడలను గూర్చియు, వర్తకమును గూర్చియు చరిత్ర పాఠములలో చదువుచున్నాము. ఆ దేశముననే జన్మించి, అంగళ్లలో పగలంతయు నిలువుకాళ్లపై పనిచేయు పేదపిల్లల పక్షము వహించిన వైద్యురాలి చరిత్ర మాత్రము మనలో పలువురకు తెలియదు. ఆమెయే డాక్టరు అలెట్టా జేకబ్స్.

అలెట్టా 1854వ సంవత్సరము ఫిబ్రవరి 9వ తేదీన, హాలెండు దేశపు ఉత్తరభాగమున గ్రోనింగెన్ మండలములోని సాపెమేర్ గ్రామమున, ఒక యూదు కుటుంబములో జన్మించెను. తండ్రి అబ్రహాము జేకబ్స్ పల్లెటూరి వైద్యుడు. ఇల్లు నిండ పిల్లలు. తండ్రి వృత్తిని చూచుచు పెరిగిన అలెట్టాకు తానును వైద్యము నేర్వవలెనను కోరిక చిన్ననాడే కలిగెను. కాని ఆ కాలమున బాలికకు గ్రామపాఠశాల ముగిసిన పిదప కుట్టుపనియు, నడవడి మర్యాదలును నేర్పు బడియే గతి. ఆ బడి ఆమెకు రుచింపలేదు. కొలదిదినములకే విడిచివచ్చి, ఇంటిపనిలో తల్లికి తోడ్పడుచు, తల్లివద్ద ఫ్రెంచి, జర్మను భాషలను, తండ్రివద్ద లాటిన్, గ్రీకు భాషలను అభ్యసించెను. బడి చూపని దారిని ఇల్లు చూపెను.

1871లో, పదునేడేండ్ల ప్రాయమున, ఆమె ప్రధానమంత్రియైన తోర్బెకేకు స్వయముగా జాబు వ్రాసి, విశ్వవిద్యాలయమున చేరుటకు అనుమతి వేడెను. మంత్రి అనుమతి నిచ్చెను గాని, ప్రత్యుత్తరమును ఆమె పేర గాక తండ్రి పేర పంపెను. అదియును ఒక సంవత్సరము పరీక్షార్థమే. మరుసటి యేడు ఆయన మరణశయ్యపై నుండగా అనుమతి స్థిరపడెను. అలెట్టా గ్రోనింగెన్‌లోను, పిదప ఆమ్‌స్టర్‌డామ్‌లోను చదివి, 1878లో వైద్యపరీక్ష నెగ్గి, 1879లో డాక్టరు పట్టము పొందెను. ఆ దేశమున విశ్వవిద్యాలయ విద్యను పూర్తిచేసిన తొలి స్త్రీయు, తొలి వైద్యురాలును ఆమెయే.

ఆమ్‌స్టర్‌డామ్‌లో వైద్యశాల తెరచి, వారమునకు రెండు దినములు పేద స్త్రీలకును, బిడ్డలకును ఉచితముగా వైద్యము చేయనారంభించెను. శిశుపోషణమును, శుభ్రతను గూర్చి తల్లులకు బోధించుచుండెను. ఎడతెగని కాన్పులచే నీరసించిన తల్లులకు కాన్పునకు కాన్పునకు నడుమ ఎడముంచు మార్గమును తెలిపెను. ఇందులకై తోడి వైద్యులు పెక్కుమంది ఆమెను నిందించిరి. ఆమె లెక్కచేయలేదు.

ఆమె గొప్పతనమంతయు రోగిని ప్రశ్నించు తీరులో నున్నది. అంగళ్లలో పనిచేయు యువతులు కొందరు ఒకేవిధమగు బాధలతో ఆమె వద్దకు వచ్చుచుండిరి. ఆమె వ్యాధిని మాత్రమే గాక వారి దినచర్యను గూడ విచారించెను. కొనువారు లేనప్పుడు సైతము వారు దినమునకు పదిగంటలకు మించి నిలుచుండవలసినదే. కూర్చుండుట కొలువునకు అపరాధము. కాళ్లలో రక్తము నిలిచి నరములుబ్బును. నడుమును, కడుపులోని అవయవములును బాధకు లోనగును. ఒక్కొక్కరికి మందిచ్చి పంపినచో, మరునాడు మరల అదే నేలపై నిలువవలెను. కావున రోగము దేహములో నున్నను, దాని కారణము అంగడిలో నున్నదని ఆమె గ్రహించెను. అంగళ్లలో ఆసనము లుంచవలెనని పత్రికలలో వ్రాసెను, వర్తకులను అర్థించెను. ఒక పీటకై ఏండ్ల తరబడి పోరాడవలసివచ్చెను. తుదకు 1902లో చట్టము వచ్చెను.

ఇట్టి చట్టములు చేయు సభలో స్త్రీకి ఓటుకూడ లేదు. నిర్ణీతమైన పన్ను చెల్లించు పౌరులకు ఓటు కలదని ఆనాటి శాసనము. వైద్యవృత్తిచే అలెట్టా ఆ పన్ను చెల్లించుచుండెను. కావున 1883లో తన పేరును ఓటర్ల పట్టికలో చేర్పుమని కోరెను. అధికారులు నిరాకరించిరి, న్యాయస్థానములును త్రోసివేసినవి. 1887లో రాజ్యాంగమును సవరించినప్పుడు, ఓటరు పురుషుడై యుండవలెనని స్పష్టముగా చేర్చిరి. తెరచియున్న తలుపును ఆమె తట్టగా, వారు గడియ బిగించిరి.

1892లో సంస్కరణాభిమానియగు కారెల్ గెరిట్సెన్‌ను వివాహమాడెను. వారికి కలిగిన ఏకైకశిశువు ఒక్క దినము మాత్రమే జీవించెను. 1905లో భర్తయు మరణించెను. అయినను ఆమె చేపట్టిన పనిని విడువలేదు. 1903 నుండి స్త్రీల ఓటుహక్కు సంఘమునకు అధ్యక్షురాలై దేశమంతట తిరిగెను. 1915లో ఐరోపా యంతయు యుద్ధాగ్నిలో మండుచుండగా, శత్రుదేశముల స్త్రీలను సైతము హేగ్ నగరమున ఒకచోట చేర్చి శాంతి మహాసభ జరుపుటలో ముందు నిలిచెను. 1919లో డచ్చి స్త్రీలకు ఓటుహక్కు లభించెను. తొలిసారి అడిగిననాటికి ఇరువదితొమ్మిదేండ్ల యువతి. లభించునాటికి అరువదియైదేండ్ల వృద్ధ. 1929 ఆగస్టు 10వ తేదీన ఆమె స్వర్గస్థురాలయ్యెను.

విద్యార్థులారా! ఈ కథ దూరదేశపుదని తలపకుడు. మన తమిళనాట బట్టల దుకాణములలోను, నగల దుకాణములలోను ఉదయము మొదలు రాత్రి వరకు నిలుచుండి పనిచేయు అక్కలు మన వీథులలోనే కలరు. దుకాణములలో పనివారికి ఆసనము కల్పింపవలెనని కేరళ రాష్ట్రము 2018లోను, మన తమిళనాడు 2021లోను చట్టములను సవరించినవి. అనగా డచ్చివారి చట్టమునకు 119 సంవత్సరముల తరువాత మన చట్టము వచ్చినది. చట్టము కాగితముపై నుండుట వేరు, పీట దుకాణములో నుండుట వేరు. ఈసారి పండుగ బట్టలకు పోయినప్పుడు, చీరలు విప్పిచూపు అక్క వెనుక కూర్చుండుటకు పీట యున్నదో లేదో చూడుడు. లేకున్నచో, ఏల లేదని పెద్దలచే అడిగింపుడు.