జాన్ నేపియర్

జాన్ నేపియర్ (1550 - 1617 ఏప్రిల్ 4) స్కాట్లాండు దేశానికి చెందిన గణిత శాస్త్రవేత్త, జమీందారు. సంవర్గమానాలను (లాగరిథమ్‌లను) కనుగొని 1614లో లోకానికి అందించినవాడిగా ప్రసిద్ధుడు. గుణకారాన్ని సంకలనంగా, భాగహారాన్ని వ్యవకలనంగా మార్చే ఈ పద్ధతి మూడున్నర శతాబ్దాల పాటు ఖగోళ శాస్త్రజ్ఞులకు, నావికులకు, ఇంజనీర్లకు తోడ్పడింది. సహజ సంవర్గమానాలను నేపియర్ సంవర్గమానాలు అని కూడా అంటారు. అయితే ఈయన తయారు చేసిన పట్టిక, నేటి సహజ సంవర్గమానాల పట్టిక ఒకటి కావు.

బాల్యం, కుటుంబం

నేపియర్ ఎడిన్‌బరో సమీపంలోని మెర్చిస్టన్ కోటలో జన్మించాడు. తండ్రి ఆర్చిబాల్డ్ నేపియర్, తల్లి జానెట్ బోత్వెల్. 13వ ఏట సెయింట్ ఆండ్రూస్ విశ్వవిద్యాలయంలో చేరాడు గాని పట్టా పొందలేదు. 1572లో ఎలిజబెత్ స్టిర్లింగ్‌ను వివాహమాడాడు. 1579లో ఆమె మరణించిన తరువాత ఆగ్నెస్ చిషోమ్‌ను పెండ్లాడాడు. గణితం ఈయనకు వృత్తి కాదు. ఎస్టేటు వ్యవహారాలు, మత వివాదాల నడుమ దొరికిన తీరికలోనే ఆ కృషి సాగించాడు. 1593లో బైబిలులోని ప్రకటన గ్రంథంపై ఒక వ్యాఖ్యానం ప్రచురించాడు.

సంవర్గమానాల పట్టిక

ఆ కాలంలో గ్రహగణనకు ఏడేసి అంకెలున్న సైన్ విలువలను పదే పదే గుణించవలసి వచ్చేది. ఈ శ్రమను తగ్గించడానికి నేపియర్ సుమారు 20 సంవత్సరాలు పనిచేశాడు. రెండు బిందువుల చలనాన్ని ఆధారం చేసుకున్నాడు. మొదటి బిందువు సమవేగంతో సాగుతుంది. రెండవదాని వేగం, అది ఇంకా పోవలసిన దూరానికి అనులోమానుపాతంలో తగ్గుతూ ఉంటుంది. రెండవ బిందువుకు మిగిలిన దూరం ఒక సంఖ్య అయితే, అదే సమయానికి మొదటి బిందువు నడిచిన దూరం ఆ సంఖ్యకు సంవర్గమానం.

ఈ పట్టికను 1614లో ఎడిన్‌బరోలో లాటిన్ గ్రంథంగా ప్రచురించాడు. ఇందులో 1,00,00,000కు సంవర్గమానం 0. సంఖ్య తగ్గేకొద్దీ సంవర్గమానం పెరుగుతుంది. 1కి సంవర్గమానం 0 కాకపోవడం వలన, రెండు సంఖ్యల సంవర్గమానాలను కూడినప్పుడు లబ్ధపు సంవర్గమానం నేరుగా రాదు. ఒక స్థిర సంఖ్యను తీసివేయాలి.

బ్రిగ్స్‌తో పరిచయం

లండనులో గ్రెషామ్ కళాశాల ఆచార్యుడైన హెన్రీ బ్రిగ్స్ 1615లో మెర్చిస్టన్ వచ్చి, 10 ఆధారంగా కొత్త పట్టిక కావాలని సూచించాడు. నేపియర్ తన రెండు దశాబ్దాల శ్రమఫలాన్ని పట్టుకొని వేలాడలేదు. మార్పు అవసరమని తానూ తలచినట్లు చెప్పి, 1కి సంవర్గమానం 0 ఉండాలని నిర్ణయించాడు. అప్పటికి ఆరోగ్యం క్షీణించడంతో గణన భారాన్ని బ్రిగ్స్‌కు అప్పగించాడు. 10కి వరుసగా 54 సార్లు వర్గమూలం తీసి బ్రిగ్స్ తన గణన సాగించాడు. ఆయన పెద్ద పట్టిక 1624లో వెలువడింది. దానిని చూడడానికి నేపియర్ జీవించి లేడు.

సహజ సంవర్గమానాలు

నేటి సహజ సంవర్గమానానికి ఆధారం 2.71828... అనే సంఖ్య. దీనిని 'ఇ' అక్షరంతో సూచించినవాడు స్విట్జర్లాండు గణితజ్ఞుడు ఆయిలర్ (18వ శతాబ్దం). 'ఇ'కి ఏ ఘాతం వేస్తే ఒక సంఖ్య వస్తుందో, ఆ ఘాతమే ఆ సంఖ్య యొక్క సహజ సంవర్గమానం. నేపియర్ పట్టిక ఈ ఆధారంతో కట్టినది కాకపోయినా, దానిలోని విలువలు సహజ సంవర్గమానాలకు సన్నిహిత సంబంధం కలవి.

క్యాలిక్యులేటర్‌పై గణన

సైంటిఫిక్ క్యాలిక్యులేటర్‌లో 'ఎల్ఎన్' మీట సహజ సంవర్గమానాన్ని, 'లాగ్' మీట 10 ఆధారంగా గల సంవర్గమానాన్ని ఇస్తాయి. విద్యార్థులు వీటిని తారుమారు చేయరాదు. 2కు మొదటిది 0.6931, రెండవది 0.3010. రెండవదానిని 2.302585తో గుణిస్తే మొదటిది వస్తుంది.

ఉదాహరణకు 6, 7ల సహజ సంవర్గమానాలు 1.7918, 1.9459. వీటి మొత్తం 3.7377. 'ఇ'కి ఈ ఘాతం వేస్తే సుమారు 42 వస్తుంది.

వర్గమూలం మీట మాత్రమే ఉన్న సాధారణ క్యాలిక్యులేటర్‌పై కూడా సహజ సంవర్గమానాన్ని ఉజ్జాయింపుగా కనుగొనవచ్చు. 2ను నొక్కి 10 సార్లు వర్గమూలం తీయాలి. వచ్చిన దానినుండి 1 తీసివేసి, 1024తో గుణిస్తే సుమారు 0.693 వస్తుంది. 1024 అంటే 2కు పదవ ఘాతం.

ఇతర కృషి, స్మృతి

గుణకారానికి ఉపకరించే 'నేపియర్ ఎముకలు' అనే అంకెల కడ్డీలను 1617లో వెలువడిన గ్రంథంలో వివరించాడు. అదే సంవత్సరం మరణించాడు. పట్టిక నిర్మాణ విధానాన్ని తెలిపే గ్రంథాన్ని కుమారుడు రాబర్ట్ 1619లో ప్రచురించాడు. కెప్లర్ 1627 నాటి రుడాల్ఫీన్ పట్టికలలో సంవర్గమానాలను వాడాడు. నేపియర్ పుట్టిన కోట బురుజు నేడు ఆయన పేరుగల ఎడిన్‌బరో నేపియర్ విశ్వవిద్యాలయ ప్రాంగణంలో ఉన్నది.