పదవిని విడిచిన ప్రజ్ఞాశాలి: బూర్గుల రామకృష్ణారావు గారు

పదవిని సంపాదించుట ఒక యెత్తు; అవసరమైనప్పుడు దానిని విడిచిపెట్టుట మరియొక యెత్తు. ఈ రెండవదానిని చేసి చూపిన కొద్దిమందిలో హైదరాబాదు రాష్ట్ర ముఖ్యమంత్రి బూర్గుల రామకృష్ణారావు గారు ఒకరు. ఉర్దూ, తెలుగు భాషలు రెండును పక్కపక్కనే వినిపించు మన కళాశాలలో ఆయన జీవితమును స్మరించుకొనుట మనకు ఎంతయు సముచితము.

ఆయన 1899 మార్చి 13న పాలమూరు సీమలోని పడకల్లు గ్రామములో జన్మించారు. స్వగ్రామమైన బూర్గుల పేరే ఇంటిపేరుగా నిలిచినది. హైదరాబాదులో పాఠశాల చదువు, పూనా ఫెర్గూసన్ కళాశాలలో పట్టభద్రత, బొంబాయి విశ్వవిద్యాలయపు న్యాయశాస్త్ర పట్టము ముగించి హైదరాబాదులో న్యాయవాదిగా స్థిరపడ్డారు. తరువాతి కాలమున ప్రధానమంత్రియైన పి.వి. నరసింహారావు గారు ఆయన వద్ద జూనియరుగా పనిచేసినవారే.

తెలుగు, సంస్కృతము, ఉర్దూ, ఫారసీ, మరాఠీ, కన్నడము, ఆంగ్లము ఆయనకు సొంతమైన భాషలు. ఫారసీ సాహిత్యపు సొగసును తెలుగువారికి పరిచయము చేసిన రచయిత ఆయన. సౌందర్యలహరిని తెనిగించిన చేతితోనే ఫారసీ కవుల రుబాయీలను కూడ అనువదించుట చూచినప్పుడు, భాషలకు మతభేదము లేదని మనకు తెలియుచున్నది.

నిజాము పాలనలో తెలుగు వారి సంఘటిత చైతన్యమునకు వేదికయైన ఆంధ్ర మహాసభకు, 1931లో దేవరకొండలో జరిగిన ద్వితీయ సమావేశమున ఆయన అధ్యక్షత వహించారు. 1950లో రెవెన్యూ మంత్రియైనారు. ఆ సంవత్సరపు కౌలుదారీ చట్టము రక్షిత కౌలుదారును భూమి నుండి ఇష్టము వచ్చినట్లు తొలగించుటను నిరోధించి, అతనికి ఆ భూమిని కొనుగోలు చేయు హక్కును కల్పించినది. తరతరాలుగా పరుల పొలము దున్నిన రైతుకు అది ఊపిరి పోసిన శాసనము.

1952 మార్చిలో ఆయన హైదరాబాదు రాష్ట్రమునకు ఎన్నికైన తొలి ముఖ్యమంత్రియైనారు. ఆ సెప్టెంబరులోనే ముల్కీ ఆందోళన చెలరేగి, పోలీసు కాల్పులలో ప్రాణనష్టము జరిగినది. ఆయన పాలనపై ఇది చెరగని మచ్చ. గొప్పవారి జీవితమును వ్రాయునప్పుడు ఇట్టి అధ్యాయమును దాటవేయుట చరిత్రకు ద్రోహమని మేము భావించుచున్నాము.

1955లో రాష్ట్రముల పునర్విభజన సంఘము హైదరాబాదును అప్పటికి ప్రత్యేక రాష్ట్రముగానే ఉంచవలెనని, 1961 ప్రాంతపు ఎన్నికల తరువాత శాసనసభలో మూడింట రెండువంతుల మంది కోరినచో ఆంధ్రతో కలుపవచ్చునని సూచించినది. తెలంగాణ ప్రజలలో అనేకుల మొగ్గు ప్రత్యేకతవైపే ఉన్నదని బూర్గుల వారు ఎరుగుదురు. ఆ సంగతిని కాంగ్రెసు పెద్దలకు తెలియజేసినారు కూడ. అయినను జాతీయ నాయకత్వపు నిర్ణయమునకు తలయొగ్గి, తెలంగాణకు రక్షణలను నిర్దేశించు 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందముపై సంతకము చేసినారు. నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ అవతరించినది. ముఖ్యమంత్రి పదవి నీలం సంజీవరెడ్డి గారిని వరించినది. ఆ ఒప్పందపు హామీలు నెరవేరలేదన్న ఆవేదన 1969లో ఉద్యమమైనది. 2014లో తెలంగాణ ప్రత్యేక రాష్ట్రమైనది. ఆయన త్యాగమునకు తగిన ఫలము దక్కెనా అను ప్రశ్నను మనము వేసికొనకతప్పదు.

ఆ పిదప ఆయన కేరళ గవర్నరైనారు. 1959లో అక్కడి నంబూద్రిపాద్ మంత్రివర్గము రద్దయిన సందర్భమున కేంద్రమునకు నివేదిక పంపినది ఆయనే. ఆ రద్దు న్యాయమా కాదా అన్నది నేటికిని తీరని వాదము. 1960 నుండి 1962 వరకు ఉత్తరప్రదేశ్ గవర్నరుగా పనిచేసి, తదుపరి రాజ్యసభ సభ్యులైనారు. 1967 సెప్టెంబరులో పరమపదించారు.

సోదర విద్యార్థులారా! పాండిత్యము పదవికి అడ్డము కాదనియు, ఇరుగుపొరుగు భాషను నేర్చుట సొంత భాషకు లోటు కాదనియు ఆయన జీవితము చెప్పుచున్నది. కుర్చీ దిగిన పిమ్మటకూడ గౌరవము తగ్గని మనిషిగా ఎదుగుటయే మనము ఆయనకు అర్పింపగల నివాళి.