ఐక్యతా సాధకుడు అజరయ్య

ప్రేమను బోధించేవారే తమలో తాము విడిపోయి ఉంటే, ఆ బోధను లోకం ఎట్లా విశ్వసిస్తుంది? ఈ ప్రశ్న ఒక మహనీయుని జీవితాంతం వెంటాడింది. ఆయనే వేదనాయగం శామ్యూల్ అజరయ్య. ఆంగ్లికన్ సంఘంలో బిషప్ పదవి నలంకరించిన తొలి భారతీయుడు. తమిళదేశంలో జన్మించి తెలుగునేలను కర్మక్షేత్రంగా చేసుకొన్న ధన్యజీవి.

అజరయ్య 1874 ఆగస్టు 17న తిరునల్వేలి ప్రాంతంలోని వెల్లాలన్‌విళై గ్రామంలో జన్మించారు. తండ్రి థామస్ వేదనాయగం ఆ గ్రామంలోని సంఘానికి గురువు. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివినా అజరయ్య పట్టా పొందలేకపోయారు. 1895లో వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా చేరి దక్షిణాదిలో విస్తృతంగా పర్యటించారు. 1898లో విద్యావతి అయిన అన్బు మరియమ్మాళ్‌ను వివాహమాడారు. 1902లో సింహళంలోని జాఫ్నాకు వెళ్ళినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ధనంతో మిషనరీలను పంపడం ఆయనను ఆలోచింపజేసింది. భారతీయులు ఎంతకాలం పరుల ధనంపై ఆధారపడాలి? ఈ ఆలోచన ఫలితమే 1903లో తిరునల్వేలిలో ఏర్పడిన ఇండియన్ మిషనరీ సొసైటీ.

ఆ సంస్థ కార్యక్షేత్రం నాటి నిజాం రాజ్యంలోని దోర్నకల్లు ప్రాంతం. ఇతరులను పంపి తాను ఇంట ఉండడం సబబు కాదని భావించి, 1909లో గురుపట్టాభిషిక్తుడైన అజరయ్య స్వయంగా అక్కడికి తరలివచ్చారు. తెలుగు నేర్చుకొని, ఎడ్లబండిపైనా సైకిలుపైనా పల్లెలు తిరిగారు.

1910లో స్కాట్లండులోని ఎడింబరో నగరంలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. ప్రతినిధులలో అత్యధికులు పాశ్చాత్యులు. ఆ సభలో అజరయ్య నిర్భయంగా ప్రసంగించారు. మిషనరీల త్యాగాన్ని కొనియాడుతూనే, భారతీయులకు వారు ఇవ్వలేకపోయినది సమానస్థాయి స్నేహమని ఎత్తిచూపారు. ఆ మాటలు కొందరికి ఆగ్రహం కలిగించాయి. మరికొందరిని ఆత్మపరిశీలనకు పురికొల్పాయి.

భారతీయుడు బిషప్ అయితే తెల్లదొరలు అతని ఆజ్ఞకు లోబడవలసి వస్తుందని కొందరు అభ్యంతరపెట్టారు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయన దోర్నకల్లు బిషప్‌గా అభిషిక్తులయ్యారు. ఆయన మేత్రాసనంలో అత్యధికులు మాల, మాదిగ కులాలకు చెందిన నిరుపేదలు. వారికి విద్య నేర్పి, వారి నుండే గురువులను తీర్చిదిద్దారు. దేవాలయ, మసీదు శిల్పరీతులను మేళవించి దోర్నకల్లులో నిర్మింపజేసిన ప్రధానాలయానికి 1939లో ప్రతిష్ఠ జరిగింది. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గాలు కూడదని వాదించిన జాతీయవాది ఆయన. అయినా సామూహిక మతాంతరీకరణ విషయంలో గాంధీజీతో విభేదించడానికి వెనుకాడలేదు.

ఆయన జీవితలక్ష్యం సంఘైక్యత. ఐరోపాలో ఏనాడో పుట్టిన కలహాల కారణంగా ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్ వంటి శాఖలు ఏర్పడ్డాయి. ఆ కలహాలతో ఏ సంబంధమూ లేని తెలుగు, తమిళ పల్లెల క్రైస్తవులు వాటి పేరిట వేరుపడి, ఒకే బల్లవద్ద ప్రభుభోజనం స్వీకరించలేకపోతున్నారు. దీనిని సహించలేక 1919 మే నెలలో తరంగంబాడిలో వివిధ శాఖల గురువులు సమావేశమయ్యారు. అజరయ్య వారిలో ప్రముఖులు. హాజరైన 33 మందిలో ఇద్దరు తప్ప అందరూ భారతీయులే. ఐక్యతకై వారు వెలువరించిన ప్రకటన దీర్ఘ చర్చలకు నాంది పలికింది. బిషప్పుల వ్యవస్థ ఉండాలా, ఇతర శాఖల గురువులకు తిరిగి అభిషేకం చేయాలా అన్న చిక్కుముడులు విప్పడానికే ఏళ్ళు గడిచాయి. అజరయ్య మాత్రం ఓర్పు కోల్పోలేదు.

1945 జనవరి 1న దోర్నకల్లులో ఆయన కన్నుమూశారు. దేశానికి స్వాతంత్ర్యం వచ్చిన ఆరువారాలకు, 1947 సెప్టెంబరు 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘం అవతరించింది. బిషప్పులు కొనసాగారు, పాత గురువులకు తిరిగి అభిషేకం అవసరం లేకపోయింది. ఆ శుభదినాన్ని అజరయ్య చూడలేకపోయారు. ఫలాన్ని తాము అనుభవించకపోయినా ముందుతరాలకై చెట్టు నాటేవారే మహాత్ములు. సమానత్వం లేనిదే స్నేహం లేదు. స్నేహం లేనిదే ఐక్యత లేదు. అజరయ్య జీవితం చాటే సత్యమిదే.