గీత దాటిన బంతి ఎవరిది? - జేమ్స్ నైస్మిత్ కథ

పిల్లలూ, బాస్కెట్‌బాల్ ఆడుతుంటే బంతి గీత దాటిందనుకోండి. ఏమవుతుంది? రెఫరీ విజిల్ వేస్తాడు. చివరగా ఎవరి చెయ్యి తగిలిందో చూసి, బంతిని అవతలి జట్టుకి ఇస్తాడు. మీకిది మామూలే. కానీ మొదట్లో ఇలా ఉండేది కాదు.

ఈ ఆటని కనిపెట్టింది జేమ్స్ నైస్మిత్. 1861లో కెనడాలో, ఆల్మాంట్ అనే ఊరి దగ్గర పుట్టాడు. 1870లో టైఫాయిడ్ జ్వరంతో అమ్మానాన్నలు ఇద్దరూ పోయారు. మేనమామ పెంచాడు. పెద్దయ్యాక మాంట్రియల్‌లో చదువుకుని, 1890లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్‌కి వచ్చాడు. అక్కడే వ్యాయామం నేర్పే మాస్టారయ్యాడు.

1891 చలికాలం. బయట మంచు. లోపల కసరత్తులు చేసి చేసి విద్యార్థులకి విసుగొచ్చేసింది. రెండు వారాల్లో ఒక కొత్త ఆట తయారుచెయ్యమని పైఅధికారి ఆయనకి చెప్పాడు. ఫుట్‌బాల్ లోపల ఆడితే దెబ్బలే. అందుకే బంతి పట్టుకుని పరిగెత్తకూడదు అని పెట్టాడు. పీచ్ పళ్ళ బుట్టలు రెండు, పది అడుగుల ఎత్తున బాల్కనీకి మేకులతో కొట్టారు. మొత్తం 13 రూల్స్. జట్టుకి తొమ్మిదిమంది. మొదటి ఆటలో పడింది ఒక్కటే బుట్ట!

అసలు తంటా గీత దగ్గరే వచ్చింది. బయటికి పోయిన బంతిని ముందు ఎవరు ముట్టుకుంటే వాళ్ళదే అని ఆయన రూల్ రాశాడు. ఐదు సెకన్లలో లోపలికి విసరాలి, లేకపోతే అవతలి వాళ్ళకి పోతుంది. తగువొస్తే అంపైరే తిన్నగా లోపలికి విసిరేస్తాడు. చదవడానికి బాగానే ఉంది కదా? ఆడితే వేరే సంగతి. అందరూ ఒకేసారి బంతి మీద పడేవాళ్ళు. బాల్కనీలోకి పోతే మెట్లెక్కి పరిగెత్తేవాళ్ళు. దెబ్బలు తగలకూడదని కనిపెట్టిన ఆటలో దెబ్బలు! కొన్నిచోట్ల కోర్టు చుట్టూ ఇనుప వల కట్టేశారు, మన కోళ్ళ గూడులా. చివరికి 1913లో రూల్ మార్చారు. ఇప్పుడు మీరు ఆడేది అదే.

ఇంకో మాట. నేను వాలీబాల్ ఆడి పెరిగినదాన్ని. అందులో గీత మీద పడిన బంతి లోపలే. ఇక్కడికి వచ్చాక మా అబ్బాయి ఆట చూస్తూ, రెఫరీ తప్పు చేశాడని గట్టిగా అరిచేశాను. బాస్కెట్‌బాల్‌లో గీత కూడా బయటే లెక్కట! మా వాడు ఇంటికి వెళ్ళేదాకా నాతో మాట్లాడలేదు. మీరు బాగా గమనించండి: బంతి గాల్లో గీత దాటినంత మాత్రాన బయటికి పోయినట్టు కాదు. గీతనో, అవతల ఉన్న మనిషినో, వస్తువునో తాకాలి.

నైస్మిత్ తర్వాత డాక్టరు చదువు చదివి, 1898లో కాన్సాస్ యూనివర్సిటీలో చేరాడు. అక్కడ ఆయన జట్టు 55 ఆటలు గెలిచి, 60 ఓడింది. ఆట కనిపెట్టినాయనకే ఇలా అయింది, చూశారా! 1936లో బెర్లిన్ ఒలింపిక్స్‌లో మొదటిసారి పతకాల కోసం ఈ ఆట ఆడారు. ఆయన వెళ్ళి కళ్ళారా చూశాడు. ఫైనల్ ఆరుబయట, వానలో, బురదలో జరిగింది. ఆయన పుట్టిన కెనడా మీద, ఆయన స్థిరపడిన అమెరికా 19-8తో గెలిచింది. మరో మూడేళ్ళకి, 1939 నవంబరులో, కాన్సాస్‌లోని లారెన్స్‌లో ఆయన కన్నుమూశాడు.