శవపేటిక తెరిచిన రోజు: పునీత ఫ్రాన్సిస్ బోర్జియా

మన ఇళ్ళలో పెళ్ళి మాట వచ్చిందంటే ముందుగా అడిగేది పిల్ల రంగు గురించే. గుణం, భక్తి, ఓర్పు ఆ తరువాతి సంగతులు. ఫోటో చూసి సరే అంటాం, ఫోటో చూసే వద్దంటాం. ఇలాంటి మనం తెలుసుకోదగిన పునీతుడు ఒకరున్నారు. ఆయన పేరు ఫ్రాన్సిస్ బోర్జియా.

ఆయన 1510 అక్టోబరు 28న స్పెయిన్ దేశంలోని గాందియా పట్టణంలో పుట్టాడు. తండ్రి ఆ ప్రాంతానికి డ్యూకు, అంటే ప్రభువు. తల్లి వైపు వారిది ఆరగాన్ రాజవంశం. తండ్రి వైపు ఫ్రాన్సిసు ఆరవ అలెగ్జాండర్ పోపుగారికి మునిమనుమడు. ఆ పోపుగారి నడవడి శ్రీసభకు తలవంపులు తెచ్చిందని చరిత్ర ఎరిగినవారికి తెలుసు. దాన్ని దాచవలసిన పనిలేదు. చెడ్డపేరు మోసిన వంశంలోనుండి కూడ దేవుడు పునీతుణ్ణి లేపగలడు.

యౌవనంలో ఫ్రాన్సిసు ఐదవ చార్లెస్ చక్రవర్తి కొలువులో చేరాడు. 1529లో ఎలియనోర్ దె కాస్త్రో అనే పోర్చుగీసు వనితను పెండ్లాడాడు. ఆమె మహారాణి ఇసబెల్లకు చెలికత్తె. ఆ దంపతులకు ఎనిమిదిమంది బిడ్డలు. ఫ్రాన్సిసుకు సంగీతమంటే ప్రాణం, స్వయంగా బాణీలు కట్టేవాడు. డేగలతో వేటాడటమన్నా ఎంతో సరదా. అయితే డేగ పక్షిమీదికి దూకి పట్టుకునే ఆ ఒక్క క్షణంలో ఆయన కళ్ళు మూసుకునేవాడని చెబుతారు. ఆ దృశ్యం కోసమే వేటకు వెళ్తారు గదా! సరదాను తాను ఏలాలిగాని అది తనను ఏలకూడదని ఆయన ఉద్దేశం. చిన్న విషయమే. కాని చిన్న విషయాల్లో మనసును అదుపు చేయనివాడు పెద్ద శోధన వచ్చినపుడు నిలవలేడు.

మహారాణి ఇసబెల్ల గొప్ప సౌందర్యవతి అని పేరు. 1539 మే 1న తొలేదో నగరంలో, ముప్పయ్యయిదేళ్ళ వయసులో ఆమె కన్నుమూసింది. ఆమె భౌతికకాయాన్ని దక్షిణాన ఉన్న గ్రనాదా నగరానికి తీసుకుపోయి అక్కడి రాజమందిర దేవాలయంలో సమాధి చేయాలి. ఆ బాధ్యత ఫ్రాన్సిసు మీద పడింది. ఎండలో సుమారు రెండు వారాల ప్రయాణం. గ్రనాదా చేరాక పేటిక తెరిచి, లోపల ఉన్నది మహారాణి శరీరమేనని ఆయన ప్రమాణం చేసి అప్పగించాలి. అది ఆనాటి ఆచారం.

పేటిక తెరిచారు. కొలువంతా పొగడిన ఆ ముఖం గుర్తుపట్టడానికి వీలులేకుండా పాడైపోయింది. దుర్వాసన భరించలేక చుట్టూ ఉన్నవారు వెనక్కు జరిగారు. ముఖం చూసి ఫ్రాన్సిసు ప్రమాణం చేయలేకపోయాడు. దారి పొడవునా తాము కావలి కాసిన తీరును బట్టి ఇది ఆమె శరీరమే అని మాత్రం సాక్ష్యమిచ్చాడట. చావు తన నుండి లాక్కుపోగల ప్రభువును ఇకమీదట కొలవనని అప్పుడే మనసులో నిశ్చయించుకున్నాడని సంప్రదాయం.

తరువాత 1548లో తిషన్ అనే సుప్రసిద్ధ చిత్రకారుడు ఇసబెల్ల చిత్రం గీశాడు. అది నేటికీ మద్రిదులోని ప్రాదో చిత్రశాలలో ఉంది. పటంలోని ముఖం చెక్కుచెదరలేదు. పేటికలోని ముఖం రెండు వారాలు నిలవలేదు.

ఇక్కడ మీరు పొరబడకూడదు. అందం పాపమని ఈ కథ చెప్పడంలేదు. అందం కూడ దేవుడిచ్చిన వరమే. కాని అది అరువు సొమ్ము, గడువు తీరగానే తిరిగి ఇచ్చెయ్యాలి. విశ్వాసం, వినయం, ప్రేమ అనే లోపలి సొగసు మాత్రం సమాధి గడప దాటి మనతో వస్తుంది. ఏది నిలిచేది, ఏది పోయేది అని ఆ రోజు ఫ్రాన్సిసు కళ్ళారా చూశాడు.

చూసిన వెంటనే ఆయన అన్నీ వదిలి మఠానికి పారిపోయాడనుకుంటాం. అలా జరగలేదు. అదే యేడు చక్రవర్తి ఆయన్ను కతలోనియా రాజ్యానికి రాజప్రతినిధిగా నియమించాడు. అంటే మరింత అధికారం, మరింత వైభవం. 1543 వరకు బార్సిలోనాలో ఉండి, దోపిడి ముఠాలను అణచి, న్యాయస్థానాల్లోని లోపాలను సరిదిద్దడానికి పాటుబడ్డాడు. అధికారం మధ్యలోనే ప్రార్థన పెంచుకున్నాడు. యేడాదికి ఒకటి రెండుసార్లు లోకొనడమే వాడుకగా ఉన్న ఆ రోజుల్లో తరచుగా దివ్యసత్ప్రసాదం స్వీకరించాడు. గ్రనాదాలో కలిగిన మెలకువ మళ్ళీ నిద్రగా మారకుండా కాపాడుకోవడానికి ఆయనకు ఏళ్ళు పట్టింది. తపస్కాల ధ్యానాల్లో కన్నీళ్ళు పెట్టుకుని, పండుగ మరునాడే పాత దారి పట్టే మనకు ఇదొక పాఠం.

1543లో తండ్రి చనిపోగా ఫ్రాన్సిసు గాందియా డ్యూకు అయ్యాడు. 1546లో భార్య ఎలియనోర్ మరణించింది. ఎనిమిదిమంది బిడ్డల తండ్రి ఒంటరివాడయ్యాడు. యేసుసభలో చేరాలని నిశ్చయించుకుని, ఆ సభ స్థాపకుడైన లొయోలా ఇగ్నేషియస్‌గారికి తెలియజేశాడు. మన పల్లెల్లో ఇన్నాసి, ఇన్నయ్య అని పేర్లు పెట్టుకునేది ఈ పునీతుణ్ణి బట్టే. ఇగ్నేషియస్ ఆయన్ను చేర్చుకున్నాడు గాని, బిడ్డల సంగతి చక్కబెట్టి, వేదశాస్త్రం చదువుకుని రమ్మన్నాడు. బిడ్డల పట్ల బాధ్యత వదిలేసి పునీతుడు కావడం కుదరదు! ఫ్రాన్సిసు 1548లో రహస్యంగా మాటపట్టు ఇచ్చి, పోపుగారి అనుమతితో మరికొంతకాలం ఇంట్లోనే ఉండి కుటుంబ వ్యవహారాలు తీర్చాడు.

ఆ కాలంలోనే శోధన కొత్త వేషం వేసుకొచ్చింది. ఫ్రాన్సిసు కఠోరమైన ఉపవాసాలు చేస్తూ, కొరడాతో ఒళ్ళు హింసించుకుంటూ ఉండేవాడు. ఇది తెలిసి ఇగ్నేషియస్ 1548లో ఆయనకు ఉత్తరం రాశాడు. ప్రార్థన, తపస్సుల సమయం సగానికి తగ్గించమనీ, రక్తం వచ్చేలా కొట్టుకోవద్దనీ, కడుపుకు తగినంత తినమనీ, శరీరం కూడ దేవునిదే గనుక దాన్ని కాపాడమనీ ఆ ఉత్తరం సారం. ఫ్రాన్సిసు ఆ మాటకు తల ఒగ్గాడు. పిశాచం ఎప్పుడూ చెడ్డ రూపంలోనే రాదు. ఒక్కోసారి భక్తి ముసుగులోనే వచ్చి, నేను అందరికంటె ఎక్కువ చేస్తున్నాననే గర్వాన్ని చల్లగా నాటిపోతుంది. అందుకే పెద్దలకు లోబడటం ఆత్మకు కంచె.

1551లో పెద్దకొడుకుకు బిరుదు, ఆస్తి అప్పగించి ఆయన గురుపట్టం పొందాడు. ఓన్యాతే అనే ఊళ్ళో, నిన్నటి ప్రభువు వంటశాలలో సాయం చేసి, కట్టెలు మోశాడు. మరుసటి యేడు ఆయన్ను కార్డినల్ చేయాలని చక్రవర్తి కోరితే వద్దన్నాడు. అందం, అధికారం, కఠోర తపస్సు, చివరకు శ్రీసభ గౌరవం: నాలుగు వేషాల్లో వచ్చిన శోధనను ఆయన గుర్తుపట్టాడు. ఎలాగంటారా? రోజూ తన్ను తాను పరీక్షించుకునే అలవాటు వల్లనే. సంతకంలో తన పేరు పక్కన పాపి అని రాసుకునేవాడు. 1564 నుండి కొన్నేళ్ళపాటు రాసుకున్న ఆధ్యాత్మిక దినచర్య నేటికీ నిలిచి ఉంది.

1565లో యేసుసభ మూడవ అధిపతిగా ఎన్నికై, పెరూ, మెక్సికో దేశాలకు వేదబోధకులను పంపాడు. 1572లో, ఐదవ పియుస్ పోపుగారి ఆజ్ఞమీద చేసిన సుదీర్ఘ ప్రయాణం ముగించుకుని, జబ్బుతో రోము చేరి ప్రాణం విడిచాడు. 1671లో శ్రీసభ ఆయనకు పునీత పట్టం ఇచ్చింది.

తల్లిదండ్రులారా! మీ అమ్మాయి నల్లగా ఉందని ఆమె వినేలా బాధపడకండి. ఆమె ఓర్పును, నిజాయితీని చూసి ఆమె వినేలా మెచ్చుకోండి. సంబంధం చూడబోయినపుడు, ఆ ఇంట్లో పెద్దవాళ్ళను ఎలా చూసుకుంటారో, కుటుంబ ప్రార్థన ఉందో లేదో ముందుగా అడగండి. యువతీయువకులారా! అద్దం ముందు గడిపే సమయంలో సగమైనా రాత్రి నిద్రకు ముందు దేవుని ముందు గడపండి. ఈ రోజు నేను దేనికి లొంగాను, ఎవరిని బాధపెట్టాను, దేవుడు నన్ను ఎక్కడ ఆదుకున్నాడు అని పది నిమిషాలు నెమరువేసుకోండి. గెత్సెమనె తోటలో శిష్యులు ఓడిపోయింది దుర్మార్గులై కాదు, నిద్రపోయినందువల్ల.

పునీత ఫ్రాన్సిస్ బోర్జియా ప్రార్థనా సహాయం మన కుటుంబాలకు తోడుగా ఉండునుగాక!