అంగారక చిత్రకారుడు ఆంటోనియాడీ

అంగారమంటే నిప్పుకణిక. ఎర్రగా ప్రకాశించే కుజగ్రహాన్ని మన పూర్వులు అంగారకుడన్నారు. 1877లో మిలాన్ నగరంలో స్కియపరెల్లీ అనే శాస్త్రజ్ఞుడు కుజబింబంపై సన్నని గీతలను చూచి, ఇటాలియన్ భాషలో పాయలనే అర్థం గల మాటతో వాటిని పేర్కొన్నాడు. ఆంగ్లంలోకి వచ్చేసరికి ఆ పాయలు కాస్తా కాలువలైనాయి. కాలువలుంటే తవ్వినవారూ ఉండాలి కదా! అమెరికాలో పెర్సివల్ లోవెల్ అనే సంపన్నుడు 1894లో సొంత వేధశాలను నెలకొల్పి, అవి బుద్ధిజీవుల నిర్మాణాలేనని గ్రంథాలు రచించాడు.

ఈ వివాదాన్ని తీర్చడంలో ప్రముఖపాత్ర వహించిన యూజీన్ ఆంటోనియాడీ 1870లో కాన్‌స్టాంటినోపుల్‌లో గ్రీకు కుటుంబంలో జన్మించాడు. చదరంగంలో దిట్ట. 1893లో ఫ్రాన్స్ చేరి, జువిసీలోని ఫ్లమారియన్ వేధశాలలో పనిచేశాడు. 1896 నుండి బ్రిటిష్ ఆస్ట్రనామికల్ అసోసియేషన్ కుజ విభాగానికి అధిపతిగా, ఔత్సాహిక పరిశీలకులు పంపిన చిత్రాలను పరిశీలించి నివేదికలు ప్రకటించాడు. ఆ తొలి నివేదికల పటాలలో కాలువలున్నాయి. ఆయనా వాటిని గీసినవాడే.

క్రమంగా సందేహం బలపడింది. 1903లో ఇంగ్లండులో మౌండర్ అనే శాస్త్రజ్ఞుడు, గీతలు లేకుండా చుక్కలూ మచ్చలూ మాత్రమే ఉన్న బొమ్మను దూరంగా ఉంచి, బడిపిల్లలను గీయమన్నాడు. చాలామంది చుక్కలను కలుపుతూ గీతలు గీశారు. కన్ను అబద్ధమాడదు, కాని తొందరపడుతుంది.

1909 సెప్టెంబరులో కుజుడు భూమికి చేరువైనాడు. అప్పుడు కూడా ఆ బింబం వెడల్పు చంద్రబింబంలో సుమారు 75వ వంతే. పారిస్ సమీపంలోని మ్యూడాన్ వేధశాలలో 83 సెంటీమీటర్ల కటకం గల దూరదర్శినిని వాడుకొనే అవకాశం ఆంటోనియాడీకి లభించింది. సెప్టెంబరు 20 రాత్రి గాలి నిశ్చలంగా ఉంది. కాలువలుండవలసిన చోట క్రమంలేని మచ్చలు, ఛాయలు, ముక్కలైన మరకలు కనిపించాయి. తిన్నని గీత ఒక్కటీ లేదు. తాను నమ్మి గీసిన గీతలను తానే కాదనడం సామాన్యమైన పనికాదు. ఆయన ఆ పని చేశాడు. పెద్ద కటకంలో గాలి కదలిక వలన బింబం చెదరిపోతుందని లోవెల్ వాదించాడు. ఆంటోనియాడీ తన చిత్రాలనే సాక్ష్యంగా చూపాడు.

1930లో కుజగ్రహంపై ఆయన ఫ్రెంచి గ్రంథం వెలువడింది. 1944లో, యుద్ధకాలంలో, పారిస్‌లో మరణించాడు. 1965లో మారినర్-4 నౌక పంపిన ఛాయాచిత్రాలలో బిలాలు కనిపించాయి, కాలువలు లేవు. అది చూచే భాగ్యం ఆయనకు కలగలేదు.

గాలి నిలకడను ఒకటి నుండి అయిదు వరకు అంకెలతో సూచించే ఆంటోనియాడీ కొలమానాన్ని ఔత్సాహికులు నేటికీ వాడుతున్నారు. ఒకటి అంటే నిశ్చలం, అయిదు అంటే చిత్రం గీయడానికీ వీలులేనంత చంచలం. ఇప్పుడు వారు దూరదర్శినికి కెమెరా అమర్చి, నిమిషాలలో వేల చిత్రాలు తీసి, గాలి కుదుటపడిన క్షణాలలో దొరికిన స్పష్టమైన వాటినే ఏరి కంప్యూటరు సాయంతో ఒకటిగా కూర్చుతారు. అటువంటి క్షణాల కోసమే ఆంటోనియాడీ పెన్సిలు చేతబట్టి రాత్రులు కాచుకొని కూర్చున్నాడు.